ఫిల్మ్ మీద నీ వేలు వద్దు

ప్రశ్న: మేడమ్, మాది గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ దగ్గరి ఊరు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. నాన్న చేపల వేటకి వెళ్తారు. ప్లస్ టూ అయ్యాక డెంటల్ హైజీనిస్ట్ డిప్లొమాలో చేరాను. ఇప్పుడు రెండో సంవత్సరం. ఎక్స్‌రే పోస్టింగ్ మొదలైన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. ప్రాక్టీస్ కోసం పంపిన క్లినిక్‌లో సార్, పేషెంట్ నోట్లో ఫిల్మ్‌ని నన్నే వేలితో పట్టుకోమంటున్నారు. నేను తీసినవి చాలావరకు మళ్ళీ తీయాల్సి వస్తోంది. ఒకసారి పన్ను సాగినట్టు వస్తుంది, ఒకసారి ఫిల్మ్ సగం తెల్లగా ఉండిపోతుంది. చెయ్యి కుదరాలని మా బ్యాచ్ వాళ్ళం ఒకరికొకరం తీసుకుంటున్నాం. అమ్మేమో ఎక్స్‌రే దగ్గర పని చేసే ఆడపిల్లకి పిల్లలు పుట్టరట, మానేసి వచ్చెయ్యమని ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది. మానేయాలా?
– పేరు వద్దు, గంజాం జిల్లా, ఒడిశా

జవాబు: అమ్మా, మానేయొద్దు. కానీ రెండు పనులు రేపటి నుంచే ఆపెయ్. ఫిల్మ్‌ని వేలితో పట్టుకోవడం ఒకటి, బ్యాచ్‌లో ఒకరికొకరు ఎక్స్‌రే తీసుకోవడం రెండోది. మీ అమ్మగారు భయపడుతున్న చోట ప్రమాదం దాదాపు లేదు. ఆవిడకి తెలియని ఈ రెండు చోట్లా ఉంది. నువ్వు ఉత్తరంలో వాటిని మామూలు విషయాల్లాగా రాసేశావు, అందుకే ముందు వాటి గురించే చెబుతాను.

ట్యూబ్‌లోంచి నేరుగా వచ్చే కిరణాలని ప్రైమరీ బీమ్ అంటారని చదివే ఉంటావు. గదిలో అన్నిటికంటే బలంగా ఉండేది అదే. పేషెంట్ ఆ బీమ్‌లోకి ఏ రెండేళ్ళకో ఒకసారి వస్తాడు, అదీ తన పంటి కోసం. నీ వేలు మాత్రం రోజూ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ అదే వేలు వస్తుంది, నీకు దాంతో ఏ లాభమూ లేదు. ఒక్కసారికి ఏమీ కాదు. నొప్పి ఉండదు, మంట ఉండదు, ఎర్రబడదు. ఏమీ తెలియదు కాబట్టే అలవాటైపోతుంది.

రాంట్‌జెన్ ఎక్స్‌రేలని కనిపెట్టింది 1895 నవంబరులో. మరుసటి జనవరిలోనే జర్మనీలో ఒటో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్ళకే ఎక్స్‌రే తీసుకున్నాడు. దానికి ఆయన 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. నువ్వు ఈ రోజు అదే పని సెకనులో చిన్న భాగంలో చేస్తున్నావు. ఆ ఏడాదే అమెరికాలో, న్యూ ఆర్లీన్స్ నగరంలో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు ఈ పని మొదలుపెట్టాడు. అప్పట్లో ట్యూబ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి తమ చేతినే అడ్డం పెట్టి చూసేవాళ్ళు. కొన్నేళ్ళకి ఆయన చేతి మీద క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ మీద ఆపరేషన్ చేసి ముందు వేళ్ళు తీశారు, చివరికి చెయ్యే తీసేయాల్సి వచ్చింది. 1928లో చనిపోయాడు. బోస్టన్‌లో విలియం రోలిన్స్ అనే ఇంకో దంతవైద్యుడు గినీ పందుల మీద పరీక్షలు చేసి, ఈ కిరణాలు ప్రాణం తీయగలవని 1901లోనే రాశాడు. ట్యూబ్‌కి సీసంతో తొడుగు ఉండాలని, అవసరం లేని చోట కిరణం పడకూడదని చెప్పాడు. ఆ రోజుల్లో ఆయన మాట పట్టించుకున్నవాళ్ళు తక్కువ. మీ పుస్తకంలో ‘ఆపరేటర్ ఎప్పుడూ ఫిల్మ్ పట్టుకోకూడదు’ అని ఒక్క లైనులో ఉంటుంది, మార్కుల కోసం బట్టీ పట్టి దాటేస్తారు. దాని వెనక ఇంత ఉంది.

సార్‌తో గొడవ పడమని నేను అనను. నువ్వు విద్యార్థివి, ఆయన సంతకం నీకు కావాలి, ఆ ఇబ్బంది నాకు తెలుసు. ‘సార్, హోల్డర్ పెట్టి తీస్తాను, యాంగిల్ కూడా కుదురుతుంది’ అని అడిగి చూడు. అది అబద్ధం కూడా కాదు, ఫిల్మ్‌ని పట్టి ఉంచే ఆ హోల్డర్‌ని పేషెంట్ పళ్ళతో కొరికి పట్టుకుంటాడు, నిజంగానే కుదురుతుంది. క్లినిక్‌లో హోల్డర్ లేకపోతే కాలేజీ నుంచి ఒకటి తెచ్చుకోవడానికి అనుమతి అడుగు. అదీ కుదరకపోతే ఆర్టరీ ఫోర్సెప్స్‌తో ఫిల్మ్ అంచుని పట్టించి, ఆ పిడిని పేషెంట్ చేతికివ్వు. చిన్న పిల్లలు అసలు పట్టుకోలేకపోతే తోడు వచ్చిన పెద్దవాళ్ళకి లెడ్ (సీసం) ఏప్రన్ వేసి పట్టుకోమనాలి, ఆ వచ్చినావిడ గర్భిణి కాదని కనుక్కున్నాకే. ఎవరు పట్టుకున్నా సరే, అక్కడ రోజూ పని చేసే మనిషి మాత్రం పట్టుకోకూడదు. డాక్టర్‌కీ ఇదే వర్తిస్తుంది, నీకూ ఇదే, ఊడ్చే ఆయమ్మకీ ఇదే. ఇంత చెప్పినా సార్ ఒప్పుకోకపోతే నిన్ను అక్కడికి పంపిన కాలేజీలో ఇన్‌ఛార్జికి కాగితం మీద రాసివ్వు, వేరే చోట వెయ్యమని అడుగు. నోటిమాటగా చెప్పి ఊరుకోకు.

ఇక బ్యాచ్ సంగతి. మీరంతా స్నేహితులు, ఒకరికొకరు ఒప్పుకునే తీసుకుంటున్నారు. అయినా అది తప్పే. రోగనిర్ధారణకి పనికొస్తుందనుకున్నప్పుడే మనిషి మీద ఎక్స్‌రే పడాలి. రేడియేషన్ రక్షణలో మొదటి సూత్రం అదే, దాని పేరు జస్టిఫికేషన్. చెయ్యి కుదరడం కోసం తీయడం అందులోకి రాదు. ప్రాక్టీస్‌కి బొమ్మ తల ఉంటుంది, లేదంటే పీకేసిన పళ్ళని మైనంలో గుచ్చి వరుసగా నిలబెట్టి తీస్తారు. మీ కాలేజీలో ఆ ఏర్పాటు లేకపోతే అందరూ కలిసి అడగండి. స్నేహితురాలి మీద ప్రాక్టీస్ చేయాలంటే బటన్ నొక్కకుండా చెయ్యి. కుర్చీలో కూర్చోబెట్టు, కొత్త హోల్డర్ పెట్టు, ట్యూబ్‌ని తిప్పు, నీ లెక్క ప్రకారం కుదిరింది అనిపించాక తనని చూసి చెప్పమను. మెషీన్ ప్లగ్ తీసేసి ఉండాలి. నేర్చుకోవాల్సిన దాంట్లో చాలావరకు అలాగే వచ్చేస్తుంది, ఎందుకంటే కష్టమంతా బటన్‌కి ముందే ఉంది.

మీ అమ్మగారి భయానికి వద్దాం. దీన్ని తేలిగ్గా తీసిపారేయకు. చదువుకున్న ఇళ్ళలో కూడా ఈ మాట వింటూనే ఉంటాను. ఆవిడకి అంకెలు చెబితే వింటారో లేదో గానీ నీకు మాత్రం తెలిసి ఉండాలి.

మనందరి మీదా నేల నుంచి, ఆకాశం నుంచి, గాలిలోని రేడాన్ నుంచి, తినే తిండి నుంచి కొంత రేడియేషన్ ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. ప్రపంచ సగటు ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు. రోజుకి లెక్కేస్తే ఆరేడు మైక్రోసీవర్ట్‌లు (మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు ఒక మైక్రోసీవర్ట్). నోట్లో ఫిల్మ్ పెట్టి ఒక్క పంటికి తీసే ఎక్స్‌రేతో పేషెంట్‌కి అందేది సుమారు 1 నుంచి 8 మైక్రోసీవర్ట్‌లు, వాడే ఫిల్మ్‌ని బట్టి, బీమ్ సైజుని బట్టి. అంటే ఊరికే కూర్చున్నా ఒక రోజులో పడేంత, చాలాసార్లు అంతకంటే తక్కువ. దవడ మొత్తం వచ్చే ఓపీజీకి ఇంకొంచెం ఎక్కువ, కొన్ని రోజుల లెక్క. దవడని త్రీడీలో చూపించే సీబీసీటీ స్కాన్ వేరే తూకం, అది పదుల నుంచి వందల మైక్రోసీవర్ట్‌ల దాకా పోతుంది, దాన్ని పంటి ఫిల్మ్‌తో కలిపి మాట్లాడకూడదు. ఇదంతా పేషెంట్ సంగతి. సరైన చోట నిలబడిన నీకు అందేది పేషెంట్ మీద పడి చెదిరి వచ్చే కిరణాల్లో ఏ కొద్దిపాటో. మన దేశంలో రేడియేషన్ పని చేసేవాళ్ళకి అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు పెట్టిన పరిమితి ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఐదేళ్ళ సగటున. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పద్ధతిగా పని చేసే డెంటల్ ఎక్స్‌రే గదిలో ఎవరూ ఆ దరిదాపులకి పోరు.

మీ వైపు వాళ్ళకి చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుకలో ఇల్మనైట్‌తో పాటు మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. ఆ ఇసుకని తవ్వి ఖనిజాలు వేరు చేసే కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్టరీ అక్కడే ఉంది. అందుకే ఆ తీరంలో సహజ రేడియేషన్ మామూలు చోట్ల కంటే ఎక్కువ. ఆ ఇసుక పగలూ రాత్రీ కిరణాలు వెదజల్లుతూనే ఉంటుంది, దాన్ని ఆపే స్విచ్ లేదు. ఎక్స్‌రే మెషీన్ అలాంటిది కాదు. బటన్ నొక్కి ఉంచినంతసేపే కిరణాలు. వదిలిన క్షణాన ఆగిపోతాయి. గదిలో ఏమీ మిగలదు, గోడలకి పట్టదు, పేషెంట్ ఒంట్లోంచి రాదు, నీ చున్నీకి అంటుకుని ఇంటికి రాదు. మీ అమ్మగారికి ఈ ఒక్క విషయం చెప్పు. మెషీన్ ఆపేసి ఉన్న గదిలోకి అడుగుపెట్టడానికి కూడా భయపడేవాళ్ళు ఉన్నారు, ఆ భయం ఇక్కడితో తీరుతుంది.

పిల్లల విషయం సూటిగా చెబుతాను. పంటి ఎక్స్‌రేలో బీమ్ ముఖం మీద పడుతుంది. కడుపు దాకా చేరేది లెక్కలోకి రానంత తక్కువ, అదీ పేషెంట్‌కి. ఆరడుగుల దూరంలో నిలబడ్డ నీ గర్భసంచికి, అండాశయాలకి దాంతో ఏమీ కాదు. హిరోషిమా, నాగసాకిల్లో బాంబు బారిన పడి బతికినవాళ్ళకి తర్వాత పుట్టిన పిల్లల్ని దశాబ్దాల తరబడి పరిశీలించారు. తల్లిదండ్రుల మీద పడిన రేడియేషన్ వల్ల ఆ పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు పెరిగినట్టు తేలలేదు. వాళ్ళ మీద పడినదానికీ నీ పనికీ పోలికే లేదు. రేపు పెళ్ళయి గర్భం వస్తే ఆ సంగతి దాచకుండా పనిచేసే చోట వెంటనే చెప్పు. అక్కడి నుంచి కడుపులో బిడ్డకి పరిమితి మొత్తం మీద 1 మిల్లీసీవర్ట్. పని మానేయాల్సిన అవసరం మామూలుగా రాదు, జాగ్రత్త పెరుగుతుందంతే. గర్భిణి పేషెంట్‌గా వచ్చినా అంతే. పంటి ఇన్ఫెక్షన్‌తో బాధపడుతూ ఎక్స్‌రే అవసరమైతే డాక్టర్ తీయమంటారు, తీయాలి. తీయకుండా చీముని వదిలేస్తే తల్లికీ బిడ్డకీ అదే ఎక్కువ హాని.

నిలబడే చోటు గురించి పుస్తకంలో ఉన్నదే గట్టిగా పట్టుకో. బీమ్ దారిలో ఎప్పుడూ ఉండకు. పేషెంట్ నుంచి కనీసం 6 అడుగులు, బీమ్ పోయే దిక్కుకి 90 నుంచి 135 డిగ్రీల మధ్య ఉండాలి, లేదంటే అడ్డుగోడ వెనక. దూరం రెట్టింపైతే పడేది సగం కాదు, నాలుగో వంతు. మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. ఇరుకు క్లినిక్‌లో అడ్డుగోడ కట్టించమని నువ్వు అడగలేవు గానీ ఇంకో రెండడుగులు వెనక్కి వేయడం నీ చేతిలోనే ఉంది. స్విచ్ తీగ పొట్టిగా ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పు, ఆ తీగ నిన్ను 2 మీటర్ల దూరం పోనివ్వాలి. ట్యూబ్ తల ఊగుతుంటే చేత్తో పట్టుకుని తీయడం చాలా చోట్ల చూస్తాను. అది కూడా వేలితో ఫిల్మ్ పట్టుకోవడం లాంటిదే. ట్యూబ్‌ని మోసే మెషీన్ చెయ్యి బిగించడానికి మెకానిక్‌ని పిలవాలి. పల్లెల్లో క్యాంపులకి వెళ్తే చేత్తో పట్టుకునే పోర్టబుల్ మెషీన్ ఇస్తారు. దాని ముందు గుండ్రటి షీల్డ్ ఉంటుంది, అడ్డంగా ఉందని దాన్ని పీకేయనివ్వకు. చూడటానికి మూగిన పిల్లల్ని దూరం పంపాకే బటన్ మీద వేలు పెట్టు.

ఇప్పుడు అసలు విషయం. మళ్ళీ మళ్ళీ తీయాల్సి వస్తోందన్నావే, నా లెక్కలో నీ చదువులో రేడియేషన్ సేఫ్టీ అంటే అదే. విద్యార్థులు సేఫ్టీని ఏప్రన్, బ్యాడ్జి, సీసం గోడల పాఠంగా చదువుతారు, టెక్నిక్‌ని వేరే పాఠంగా చదువుతారు. కానీ ఒక ఫిల్మ్ పాడైతే పేషెంట్ మీద పడినదంతా వృథా, రెండోది తీస్తే రెట్టింపు. ఆ రెట్టింపుని ఏ ఏప్రనూ ఆపలేదు. మొదటిసారే కుదిరేలా తీయగలిగిన మనిషి చేతిలో పేషెంట్ భద్రంగా ఉంటాడు.

నీ ఫిల్ములు చూడకుండానే నువ్వు రాసినదాన్ని బట్టి చెబుతాను. పన్ను సాగినట్టు వస్తోందంటే నిలువు కోణం తక్కువైంది. పొద్దున సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు మన నీడ పొడుగ్గా పడుతుంది, మధ్యాహ్నం నడినెత్తికి వచ్చేసరికి పొట్టిదవుతుంది. ట్యూబ్ కూడా అంతే. కోణం తక్కువైతే పన్ను సాగుతుంది, ఎక్కువైతే పొట్టిగా, లావుగా కుంచించుకుపోతుంది. వేలితో ఫిల్మ్ పట్టుకుని తీసే బైసెక్టింగ్ పద్ధతిలో పంటికీ ఫిల్మ్‌కీ మధ్య ఉన్న కోణాన్ని మనసులోనే సగం చేసి, ఆ గీతకి బీమ్‌ని నిటారుగా పెట్టాలి. కొత్తవాళ్ళకి అది ఊహే అవుతుంది. పైగా వేలి ఒత్తిడికి ఫిల్మ్ వంగుతుంది, వంగిన మేర పన్ను ఇంకా సాగుతుంది. హోల్డర్‌తో పారలెల్ పద్ధతిలో ఫిల్మ్ పంటికి సమాంతరంగా నిలుస్తుంది, బయటి రింగ్ ఎటు చూపిస్తే ట్యూబ్ అటు పెట్టడమే. వేలు తీసెయ్యమని నేను పట్టుబట్టడానికి ఇది రెండో కారణం.

హోల్డర్ పెట్టడంలో చాలామంది చేసే పొరపాటు ఫిల్మ్‌ని పంటికి ఆనించి పెట్టడం. పై దవడలో పంటి పక్కనే అంగిలి ఏటవాలుగా ఉంటుంది, ఫిల్మ్ అక్కడ నిలవదు, అంచు గుచ్చుకుంటుంది. పంటి నుంచి దూరంగా, నోటి మధ్యకి జరుపు. అక్కడ అంగిలి ఎత్తుగా ఉంటుంది, ఫిల్మ్‌కి నిలబడే చోటు దొరుకుతుంది. కింది దవడలో నాలుకని వదులుగా పెట్టమని చెప్పి, నాలుకకీ పంటికీ మధ్య మెల్లగా దింపు. తర్వాత కొంచెం కొంచెంగా కొరకమను. ఒక్కసారిగా కొరికితే నొప్పి పుడుతుంది, పేషెంట్ ఆ తర్వాత నిన్ను నమ్మడు.

సగం తెల్లగా ఉండిపోవడాన్ని కోన్ కట్ అంటారు. బీమ్ ఫిల్మ్ మొత్తాన్నీ కప్పలేదు, ట్యూబ్ పక్కకి జరిగింది. రింగ్‌కి కోన్ (ట్యూబ్ చివర ఉండే గొట్టం) అంచు సరిగ్గా ఆనిందో లేదో ముందు నుంచీ పక్క నుంచీ, రెండు వైపుల నుంచీ చూసుకుంటే పోతుంది. పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు వస్తే అడ్డ కోణం తప్పింది, బీమ్ రెండు పళ్ళ సందులోంచి సూటిగా పోవాలి. బొమ్మ పాలిపోయి, దాని మీద టైరు అచ్చుల్లాంటి గీతలు వచ్చాయంటే ఫిల్మ్ తిరగబడింది, లోపలి సీసం రేకు పంటి వైపుకి వచ్చింది. మసకగా వస్తే ఎవరో కదిలారు. తెల్లగా వెలిసిపోతే బటన్ ముందే వదిలేశావేమో చూడు, బీప్ ఆగేదాకా నొక్కి ఉంచాలి.

ఒక ఫిల్మ్ పాడైన వెంటనే రెండోది పెట్టకు. ఎందుకు పాడైందో నోటితో చెప్పగలిగాకే పెట్టు. చెప్పలేకపోతే రెండోది కూడా అలాగే పాడవుతుంది. రెండోది కూడా పోతే మూడోది నువ్వు తీయొద్దు, పక్కన ఉన్న టీచర్‌ని పిలువు. పాడైన ఫిల్ములు పారేయకుండా ఒక నోట్‌బుక్‌లో అంటించి, పక్కన ఏ పన్ను, ఏ కోణం, ఏం తప్పింది అని రాసుకో. పేషెంట్ పేరు మాత్రం రాయకు. పరీక్షకి అంతకంటే మంచి గైడు దొరకదు.

డిజిటల్ సెన్సర్ ఉన్న చోట పడితే ఇంకో జాగ్రత్త కావాలి. బొమ్మ క్షణాల్లో తెరమీదకి వస్తుంది, ఫిల్మ్ ఖర్చు లేదు, డెవలప్ చేసే పని లేదు. దాంతో ‘ఇంకొకటి తీసేద్దాం’ అనే మాట చాలా తేలిగ్గా వస్తుంది. ఫిల్మ్ మీద ఎక్స్‌పోజర్ ఎక్కువైతే నల్లబడి మన తప్పు బయటపడేది. డిజిటల్‌లో ఎక్కువ పడినా సాఫ్ట్‌వేర్ కొంతవరకు సరిదిద్ది చూపిస్తుంది, బొమ్మ బాగుందనుకుని అదే సెట్టింగ్ కొనసాగిస్తాం. కాబట్టి మెషీన్ మీద పెద్దవాళ్ళకి, పిల్లలకి వేరువేరు టైమింగులు రాసి అంటించి ఉన్నాయో లేదో చూడు. కోన్ చివర గుండ్రంగా కాకుండా దీర్ఘచతురస్రంగా ఉండే కాలిమేటర్ (బీమ్‌ని చిన్నది చేసే తొడుగు) దొరికితే దాన్నే వాడు. 7 సెంటీమీటర్ల గుండ్రటి బీమ్‌లో మామూలు పెద్దల ఫిల్మ్ ఆక్రమించేది మూడో వంతు చోటే. మిగతాదంతా ఊరికే చెంప మీద పడుతోంది.

మీ పేషెంట్లలో గుట్కా, గుడాఖు (పళ్ళకి రుద్దుకునే పొగాకు ముద్ద) వాడేవాళ్ళు చాలామందే ఉంటారు. గుట్కా, వక్క ఏళ్ళ తరబడి నమిలినవాళ్ళకి చెంప లోపల తెల్లగా, గట్టిగా పట్టీలు కట్టి నోరు రెండు వేళ్ళు కూడా తెరుచుకోదు. అలాంటి నోట్లో పెద్ద ఫిల్మ్ కుక్కితే రక్తం వస్తుంది, ఫిల్మ్ ఎలాగూ పాడవుతుంది. పిల్లలకి వాడే చిన్న సైజు పెట్టి చూడు. అదీ పట్టకపోతే డాక్టర్‌కి చెప్పు, ఓపీజీకి పంపాలా అని ఆయన నిర్ణయిస్తారు. పంటి కోసం వచ్చిన మనిషి నోట్లో ఆ పట్టీలని మొదట చూసేది చాలాసార్లు నువ్వే. చూసింది చార్టులో రాయి, డాక్టర్‌కి చూపించు. క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న జబ్బు అది.

వాంతి వచ్చేవాళ్ళ విషయంలో అసలు మందు నీ వేగమే. టైమింగ్ సెట్ చేసి, ట్యూబ్‌ని దాదాపు చోటుకి తెచ్చాకే ఫిల్మ్ నోట్లో పెట్టు. ముందు పళ్ళతో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళు. ముక్కుతో గాలి పీల్చమను. నాలుక కొన మీద చిటికెడు ఉప్పు వేస్తే కొందరికి పనిచేస్తుంది. ‘వాంతి వస్తుందా?’ అని మాత్రం అడగకు, అడిగితే వస్తుంది. భాష కూడా ఇక్కడే అక్కరకొస్తుంది. నీకు తెలుగు, ఒడియా రెండూ వచ్చు కదా. ‘పాటి ఖోలంతు, ధీరే కాముడంతు, హలంతు నాహి’ (నోరు తెరవండి, మెల్లగా కొరకండి, కదలకండి) అని మొదలుపెట్టకముందే ఒకసారి నెమ్మదిగా చెప్పి ఉంచితే ముసలివాళ్ళు కూడా కదలకుండా కూర్చుంటారు. హోల్డర్ నోట్లో పెట్టాక చెబితే కంగారులో ఏదీ వినపడదు.

ఫిల్మ్ ఇంకా డార్క్‌రూమ్‌లో కడిగే చోటైతే మీ ఎండలు కూడా లెక్కలో పెట్టుకో. డెవలపర్‌కి మామూలు వేడి 20 డిగ్రీలు, ఆ లెక్కన సుమారు ఐదు నిమిషాలు. ఏప్రిల్, మే నెలల్లో బరంపురంలో ట్యాంకు నీళ్ళే అంతకంటే చాలా వేడిగా ఉంటాయి. థర్మామీటర్ చూడకుండా, ఎర్ర లైటులో కంటికి నల్లగా కనిపించగానే తీసేస్తే ఫిల్మ్ పొగ పట్టినట్టు వస్తుంది, తప్పు ఎక్స్‌పోజర్‌దే అనుకుని పేషెంట్‌ని మళ్ళీ కూర్చోబెడతారు. డబ్బా మీద వేడికీ టైముకీ ఉన్న పట్టిక చూసి చెయ్యి. ఫిల్మ్ ప్యాకెట్‌లోని సీసం రేకులు మామూలు చెత్తలో వేయొద్దు, వాడిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, దాన్ని సింక్‌లో పోయొద్దు. రెండిటినీ వేరుగా దాచి, తీసుకెళ్ళేవాళ్ళకే ఇవ్వాలి.

ఏప్రన్ గురించి నువ్వు అడగలేదు గానీ వైవాలో అడుగుతారు. 2024 ఫిబ్రవరిలో అమెరికన్ డెంటల్ అసోసియేషన్, దంత ఎక్స్‌రేలకి పేషెంట్‌కి లెడ్ ఏప్రన్, మెడకి కట్టే థైరాయిడ్ కాలర్ ఇక అక్కర్లేదని చెప్పింది. ఇప్పటి మెషీన్లలో బీమ్ సన్నగా ఉంటోందని, డోస్ చాలా తగ్గిందని, కాలర్ ఒక్కోసారి బీమ్‌కే అడ్డొచ్చి మళ్ళీ తీయాల్సి వస్తోందని వాళ్ళ కారణాలు. ఇది తెలిసి ఉండటం మంచిది. కానీ మీ కాలేజీ, మీ క్లినిక్ నియమం ఏప్రన్ వేయమంటే వెయ్యి. మన దగ్గర పాత మెషీన్లు, గుండ్రటి కోన్లు ఇంకా చాలా ఉన్నాయి. ముఖ్యంగా పిల్లలకి కాలర్ మానొద్దనే నేనంటాను. ఓపీజీలో మాత్రం కాలర్ పెట్టకు, బొమ్మలో అడ్డం పడుతుంది. ఏప్రన్‌ని మడతపెట్టకుండా తగిలించు, మడతల దగ్గర లోపలి సీసం పగులుతుంది, పైకి కనిపించదు.

ఇంకో హద్దు కూడా తెలుసుకో. 1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్‌లో డెంటల్ హైజీనిస్ట్ అంటే పళ్ళు శుభ్రం చేసి, పాలిష్ చేసి, దంత సంరక్షణ గురించి చెప్పే మనిషి అని నిర్వచనం ఇచ్చారు. ఎక్స్‌రే తీయాలా వద్దా అనే నిర్ణయం నీది కాదు, డాక్టర్‌ది. వచ్చిన ప్రతివాళ్ళకీ డాక్టర్ చూడకముందే ఒక ఫిల్మ్ తీసి పెట్టమంటే, ‘ఏ పంటికి సార్?’ అని అడిగి, చార్టులో రాయించుకున్నాకే తియ్యి.

కోర్సు అయ్యాక రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకో. బరంపురంలో చేరినా, ఇచ్ఛాపురం దాటి ఆంధ్ర వైపు వెళ్ళినా, చేరే ముందు వాళ్ళ ఎక్స్‌రే మెషీన్‌కి అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగు. ఈలోరా అనే ఆన్‌లైన్ పద్ధతిలో అది తీసుకుంటారు, కాగితం చూపించడం వాళ్ళకి నిమిషం పని. ఒంటి మీద పడిన రేడియేషన్‌ని లెక్కపెట్టే టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తే ఛాతీ దగ్గర, ఏప్రన్ వేసుకుంటే దాని లోపల పెట్టుకో. ఎక్స్‌రే గదిలో కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్ళకు, ఇంకొకరికి ఇవ్వకు, బట్టలతో పాటు ఉతక్కు. మూడు నెలలకోసారి దాన్ని పంపి లెక్క చూపిస్తారు. ఆ రిపోర్టు ఫోటో తీసి మీ అమ్మగారికి పంపు, అందులో నీ పేరు ఎదురుగా ఉన్న అంకెని నువ్వే చదివి వినిపించు. బ్యాడ్జి మీద నీకిచ్చిన నంబరు ఉద్యోగం మారినా మారదు. అది రాసి పెట్టుకుని, కొత్త చోట చేరేటప్పుడు వాళ్ళకివ్వు.